ఆమె లెక్కలో నా డబ్బాలు

మతొజీన్యుష్‌లో మనుషుల కంటే ముందు
చేపల వాసన నిద్ర లేస్తుంది.
ఏడింటికల్లా తలకి తెల్లగుడ్డ కట్టుకుని
పొడుగు బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్లం.
ఎర్మెలిందా నాకు ఎడమ పక్క.
ఇరవై రెండేళ్లు.

మా పని చుట్టడం.
నూనెలో సర్దిన సార్డీన్ చేపల డబ్బాకి
పసుపు కాగితం, నాలుగు మడతలు,
చివర బొటనవేలితో ఒక్క నొక్కు.
అంతే. మళ్లీ ఇంకోటి.
ఒకసారి యంత్రం తెచ్చారు, అంచులన్నీ చింపేసింది.
దాన్ని మూలకి నెట్టి
ఆ క్రిస్మస్‌కి మమ్మల్నే పొగిడారు,
ఏటా ఇచ్చినట్టే తలా ఒక డబ్బా చేతిలో పెట్టి.

ఎర్మెలిందా వేళ్లు అప్పుడు చూడాలి.
కాగితం తనంతట తానే మడత పడుతోందని
కొత్త పిల్లలు నోరు తెరిచేవాళ్లు.

తర్వాత ఆ వేళ్లు పొద్దున్నే లేవడం మానేశాయి.
వేడినీళ్ల గిన్నెలో చేతులు ముంచి
ఒక్కో వేలినీ గంటసేపు బతిమాలి
బస్సెక్కేది.
కీళ్లవాతం అన్నాడు డాక్టరు,
ఒంట్లో కాపలావాళ్లే ఇంటివాళ్లని కొడుతున్నారన్నాడు.
"మా వీధి పోలీసుల్లాగా," అంది ఎర్మెలిందా,
నవ్వడానికి మాత్రం నొప్పి లేదు కాబట్టి.

సాయంత్రం లెక్క కాగితం అబీలియు దగ్గరికి పోతుంది,
పేరు పక్కన ఎవరెన్ని చుట్టారో.
ఆమె ట్రే నిండనప్పుడు
నా మోచెయ్యి కాస్త ఎడమకి జరిగేది.
పది డబ్బాలు. ఇరవై.
చలివానల్లో అరవై దాకా.
ఆమె అటు చూసేది కాదు.
మధ్యాహ్నం అన్నం వేళ
నా గిన్నె మూతలో గుప్పెడు ఒలీవలు పోసేది,
లెక్కపెట్టకుండా.
పద్నాలుగు నెలలు.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానంటే,
నవంబర్‌లో ఒక మంగళవారం
నేను ఆపేశాను.
మా మధ్య గొడవేం లేదు. నా ఒళ్లు బాగానే ఉంది.
నా లెక్క తగ్గుతోందని
అబీలియు కుర్చీ వెనక కాసేపు నిలబడ్డాడు.
ఏమీ అనలేదు.
అతని నీడ నా ట్రే మీద పడింది, అంతే.
మోచెయ్యి జరగలేదు.

ఆ రోజు కూడా ఒలీవలు పోసింది.

పై వారం ఆమెని మేడ మీదికి పిలిచారు.
మర్యాదగానే మాట్లాడారట. కాఫీ ఇచ్చారట.
కప్పు చెవిలో వేలు దూరక
రెండు అరచేతులతో ఎత్తుకుని తాగితే
ఇక వాళ్లకి వేరే రుజువు అక్కర్లేకపోయింది.
సంతకం పెడుతుంటే కలం జారింది,
అబీలియు వంగి తీసిచ్చాడు, రెండుసార్లు.
"మంచివాడే పాపం," అంది మెట్ల మీద నాతో.
నన్ను ఒక్క మాట అడిగి ఉంటే
ఏదో ఒక అబద్ధం చెప్పి బతికేదాన్ని.

ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.
అలమరలో క్రిస్మస్ డబ్బాలు, ఏటికొకటి,
ఒక్కటీ విప్పలేదు.
ఏరి ఏరి ఒకటి తీసి నా ముందుకి తోసింది:
"రింగు లాగలేను, నువ్వు తెరువు."
కాగితం విప్పబోతుంటే
"ఆగు," అంది.
"ఈ మడత నీది.
నీ నొక్కు ఎప్పుడూ కుడికి వాలుతుంది.
నా ట్రేలో ఏవి నావో ఏవి నీవో
రోజూ లెక్కపెట్టుకునేదాన్ని."

రోజూ, అంది.

మొక్కజొన్న రొట్టె కోశాను, అవసరానికి మించి.
ఇద్దరం నూనెలో అద్దుకుని తిన్నాం,
చేప బావుందన్నాం.
ఆమె మణికట్టు వెనకవైపుతో
ఆ పసుపు కాగితాన్ని చదును చేస్తూ కూర్చుంది
చీకటి పడేదాకా.
నాలుగు గీతలూ అలాగే ఉన్నాయి.